నిమిషానికి బెత్తెడు

తెర మీద ఇంకా ఇరవై సెకన్లున్నాయి. నలుగురి చేతుల్లోనూ రెండేసి ముక్కలు మిగిలాయి. పచ్చ దీపం వదిన పేరు పక్కన వెలుగుతోంది.

"వెయ్యి వదినా, వెయ్యి," అంది టైలరమ్మ, వినపడదని తెలిసీ.

టాబ్లెట్‌ను ఆమె కుట్టుమిషను మీద, దారపు రీళ్ళ డబ్బాకి ఆనించి పెట్టుకుంది. షాపు షట్టరు సగం దించి ఉంది. వదిన రెండు సందుల అవతల తన ఇంట్లో ఉంది. జోడీ కట్టినవాళ్ళు ఒకే గదిలో కూర్చుని ఆడకూడదని క్లబ్బు నియమం. ఇప్పుడు వదిన కుడిచెయ్యి ఎత్తి, చూపుడువేలు చాచి, ఆ వేలు వణకడం ఆగేదాకా ముక్క మీద గాలిలోనే ఆపి ఉంటుందని టైలరమ్మకి తెలుసు. ఎడమచేత్తో అయితే చటుక్కున నొక్కగలదు. కానీ నొక్కదు.

పది. తొమ్మిది. ఎనిమిది.

ముక్క కదిలింది. ఎడమవైపు ఆటగాడు వెంటనే వేశాడు. టైలరమ్మా వేసింది. దీపం మళ్ళీ వదిన దగ్గరికి వచ్చి, ఆమె చివరి ముక్క పడేలోపు గంట కొట్టింది. ఆట మొత్తం తుడిచిపెట్టుకుపోయి తెర తెల్లబడింది. పైన ఎర్ర చుక్క ఒకటి వచ్చింది. పక్కనే పాతది ఇంకొకటి ఉంది.

ఈ మధ్యాహ్నపు ఆన్‌లైన్ బ్రిడ్జి పేకాట క్లబ్బులో సోమ, బుధ, శుక్రవారాలు మూడింటికి ఆట. ఆటకి రెండు పంపకాలు ఆడాలి, రెండింటికీ కలిపి పద్నాలుగు నిమిషాలు. గంట కొట్టేసరికి ఆట పూర్తికాకపోతే, ఎవరి పేరు మీద పచ్చ దీపం తిరుగుతోందో చూసి ఆ జోడీకి ఎర్ర గుర్తు వేస్తారు. నెలలో మూడు గుర్తులు పడితే క్లబ్బులో ఆ జోడీకి చోటుండదు. ఈ నెల ఇంకా సగం ఉంది.

ఈ వారం మూడు ఆటలకీ ఎదుటి జోడీ పళ్ళ డాక్టరు, ఆయన బావమరిది. డాక్టరు రిటైరయినా ఆయన నోరు రిటైరవలేదు. తెర కింది మాటలపెట్టెలో వెంటనే రాశాడు.

'ఈపాటికి నేను మత్తిచ్చి, పన్ను పీకి, మనిషిని ఇంటికి పంపేసేవాణ్ణి.'

బావమరిది పడీపడీ నవ్వే బొమ్మ పెట్టాడు. వదిన ఏమీ రాయలేదు. ఆమె పేరు కాసేపు అలాగే ఉండి, తర్వాత తెర మీంచి తప్పుకుంది.

టైలరమ్మకి మండిపోయింది. మొదటి పంపకం తనే ఆడి, ఎంతో జాగ్రత్తగా, ఒక్క పట్టు కూడా జారిపోకుండా నెగ్గింది. రెండోది డాక్టరు ఆడాడు. ఆయన ఆలోచించినంతసేపూ గదిలో ఫ్యాను తిరుగుడు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది తను. చివర్లో వదిన చేతికి వచ్చేసరికి గంట కొడితే అది వదిన తప్పా?

షట్టరు పైకెత్తి, కత్తిరించాల్సిన స్కూలు చొక్కాల గుడ్డ బల్ల మీద పరిచింది. టేపు పెట్టి చూసింది. సుద్దతో గీత గీసింది. మళ్ళీ టేపు పెట్టింది. కత్తెర చేతిలోకి తీసుకుని, కింద పెట్టి, మూడోసారి కొలిచింది. అప్పుడు మోగింది ఫోను.

"నమస్కారమమ్మా. మెసేజీలో రాస్తే బాగుండదని ఫోన్ చేశాను."

ఆట నడిపించే పెద్దాయన. బస్సు డిపోలో ముప్ఫై ఏళ్ళు టైమ్‌కీపరుగా చేశాడు. క్లబ్బులో అందరికీ ఆయన టైమ్‌కీపరు గారే.

"చెప్పండి సార్."

"మీ ఆటంటే నాకు ముచ్చటమ్మా. నిఖార్సయిన ఆట. ఆవిడ సంగతే... పాపం, ఆ చేత్తో కష్టం కదా. మూడోది కూడా పడకముందే మీకు ఇంకో జోడీ చూస్తే ఎలా ఉంటుందా అని."

"మా వదినని వదిలేయమంటున్నారా?"

"వదిలేయడం అనుకోకండి. విశ్రాంతి అనుకోండి."

"పక్షవాతంతో పది నెలలు మంచం మీద విశ్రాంతే తీసుకుందండీ ఆవిడ. విశ్రాంతికేం కొదవలేదు."

"అందరూ ఫిర్యాదు చేస్తున్నారమ్మా. నేను గడియారం చూసి గుర్తు వేస్తాను. మనిషిని చూసి వెయ్యలేను కదా," అన్నాడాయన మెల్లగా.

ఫోను పెట్టేశాక కూడా టైలరమ్మ చెవి వేడిగానే ఉంది. ఇన్ని మాటలు పరాయివాళ్ళతో అనడం ఆమెకి అలవాటు లేదు.

సాయంత్రం షాపు మూసి అన్నయ్య ఇంటికి వెళ్ళింది. వదిన కిటికీ పక్క కుర్చీలో ఉంది. ఒళ్ళో రబ్బరు బంతి. ఫిజియో అమ్మాయి రోజుకి వందసార్లు నొక్కమని ఇచ్చింది. వదిన దాన్ని ఒళ్ళో పిల్లిపిల్లలా కూర్చోబెట్టుకుంటుందే తప్ప నొక్కదు.

"బంతి నొక్కవే అంటే నొక్కదు. అదే పేకముక్క అయితే వేలు లేస్తుంది," అన్నాడు అన్నయ్య, టీ గ్లాసులు తెస్తూ. "ఫిజియో అమ్మాయి ఏమందో తెలుసా? ఈ ఆటకే దణ్ణం పెట్టుకోండి అంకుల్, నా ఫీజు దానికివ్వండి అంది."

టైలరమ్మ నవ్వబోయి ఊరుకుంది. వదిన ఆమె మొహంలోకి చూసింది. ప్రెస్సులో పాతికేళ్ళు ప్రూఫులు దిద్దిన కళ్ళు అవి. పేజీలో ఎక్కడ తేడా ఉన్నా అక్కడికే పోతాయి.

"ఫోన్... చేశాడా?" అంది వదిన. మాటకీ మాటకీ మధ్య చాలా ఖాళీ. అయినా మాట పూర్తిగానే వస్తోంది ఈ మధ్య.

"చేశాడు."

"నేను... మానేస్తా."

"నువ్వు మానేస్తే నేనూ మానేస్తా. అప్పుడు డాక్టరు గారు వాళ్ళ బావమరిదితోనే ఒకరి పళ్ళొకరు పీక్కుంటూ కూర్చుంటారు."

వదిన నవ్వలేదు. బంతిని ఒళ్ళోంచి తీసి కిటికీ గట్టు మీద పెట్టేసింది. ఇక అక్కర్లేదన్నట్టు పెట్టింది. అది చూసి అన్నయ్య గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"శుక్రవారం దాకా ఆగు," అంది టైలరమ్మ. "ఎవరు ఎంతసేపు తీసుకుంటున్నారో నేను తేలుస్తా."

"ఎలా తేలుస్తావే?" అన్నాడు అన్నయ్య. "ఆ ఆటలో అది కనపడదు కదా?"

ఎలాగో ఆమెకీ తెలియదు అప్పటికి.

మంగళవారం మధ్యాహ్నం, కర్టెన్ల అంచులకి చేతికుట్టు వేస్తుంటే తెలిసింది. ఆమె చెయ్యి ఎప్పుడూ ఒకే నడకలో నడుస్తుంది. మాట్లాడినా, పాట విన్నా, చెయ్యి తొందరపడదు, వెనకబడదు. గోడ గడియారం వంక చూస్తూ ఒక నిమిషం కుట్టింది. ఇరవై కుట్లు. అరచెయ్యి అడ్డంగా పెట్టి చూస్తే సరిగ్గా బెత్తెడు. ఇంకో నిమిషం కుట్టింది. మళ్ళీ బెత్తెడే. పదిసార్లు చూసింది. సన్నపు దారమంత తేడా కూడా రాలేదు.

చొక్కా తీసుకెళ్ళడానికి వచ్చిన ఒకావిడ గుమ్మంలో నిలబడి చూసింది.

"ఏంటమ్మా, గడియారం వంక అలా చూస్తూ కుడుతున్నావు?"

"దాని కొలత తీసుకుంటున్నా," అంది టైలరమ్మ.

బుధవారం మూడింటికి ఆమె ఒళ్ళో ఒక పొడవాటి తెల్లగుడ్డ పీలిక ఉంది. దానికి మూడు సూదులు గుచ్చి ఉన్నాయి. ఎర్ర దారం డాక్టరుకి, నీలం బావమరిదికి, పసుపు వదినకి. పచ్చ దీపం ఎవరి పేరు దగ్గర ఆగితే ఆ సూది తీసి, ముందటి కుట్టు ఆగినచోటు నుంచి కుడుతుంది. దీపం కదలగానే సూది వదిలేస్తుంది. దారాలు కిందికి వేలాడుతూ ఉంటాయి. తన వంతు రాగానే మూడూ వదిలేసి ఆట చూసుకుంటుంది.

మొదటి పంపకం ఇన్ని పట్లు తెస్తానని తనే పలికి, తనే పట్టింది. ఆట పట్టినవాళ్ళు రెండు చేతుల ముక్కలూ తామే వేయాలి. జోడీ మనిషి తన ముక్కలు బల్ల మీద పరిచేసి చూస్తూ ఊరుకోవాలి. వదిన చెయ్యి పడిపోయినప్పటి నుంచీ టైలరమ్మ వీలైనంతవరకూ ఆటను తనవైపే లాక్కుంటోంది. ఆ చేతికి శ్రమ తగ్గుతుందని. ఇస్పేటులు లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. ఒక ముక్క మీద వేలు పెట్టి, తీసి, కళావర్లు ఎన్ని పోయాయో మొదటినుంచీ చూసుకుని, అదే ముక్క వేసింది. నెగ్గింది.

రెండోది బావమరిది పట్టాడు. ఎర్ర దారం, నీలం దారం పరుగెత్తాయి. పసుపుది అక్కడక్కడ నాలుగు కుట్లు, ఆరు కుట్లు. చివరి ముక్క వదిన వేసింది. గడియారంలో ఇంకా మూడు సెకన్లున్నాయి. ఎర్ర గుర్తు పడలేదు.

'ఈసారి పన్ను ఊడింది!' అని రాశాడు డాక్టరు.

టైలరమ్మ పీలికను వెలుతురులోకి ఎత్తి చూసింది. ఎర్రది పసుపుకి రెండింతలుంది. చూసుకున్నకొద్దీ ఆమెకి ఆనందం పట్టలేదు. పీలికను మడతపెట్టి, కొలతల పుస్తకంలో దాచింది. ఆ పుస్తకంలో ఊళ్ళో సగంమంది భుజాలూ నడుములూ ఉన్నాయి.

గురువారం పొద్దున్నే టైమ్‌కీపరు గారింటికి వెళ్ళింది. వీధి చివర మేడ కింది గది. గోడకి గుండ్రటి గడియారం, దాని కింద బల్ల, బల్ల మీద ముక్కు చెక్కిన పెన్సిళ్ళు వరసగా పొడవు ప్రకారం. ఆయన కుర్చీ లాగి వేశాడు. టైలరమ్మ కూర్చోకుండానే పీలిక బల్ల మీద పరిచింది. దారిపొడవునా అనుకున్న మాటలన్నీ మర్చిపోయి, "బెత్తెడికి ఒక నిమిషమండీ," అని మాత్రం అంది.

ఆయనకి మొదట అర్థం కాలేదు. ఆమె చెయ్యి పెట్టి చూపించింది. మూడు రంగులూ చెప్పింది. నమ్మకం కుదరకపోతే మీ గడియారం ముందే కుడతానంది. ఆయన కుట్టమన్నాడు. ఆమె కుట్టింది. ఆయన గడియారం వంక చూసి, గుడ్డ వంక చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"డిపోలో ఇలాంటి మనిషి ఒక్కరుంటే గడియారాలకి కీ ఇచ్చే పని తప్పేదమ్మా," అన్నాడు.

తర్వాత స్కేలు తెచ్చాడు. ఒక్కో రంగు విడివిడిగా కొలిచి, పెన్సిలుతో కాగితం మీద వేసుకున్నాడు. ఎర్ర దారం నాలుగు బెత్తెలు. నీలం రెండు. పసుపు రెండు.

"పసుపు ఆవిడదా?"

"ఆవిడదేనండీ. రెండే నిమిషాలు."

ఆయన పెన్సిలు కింద పెట్టాడు.

"నాది పొరపాటమ్మా. డిపోలో గంట కొట్టేసరికి గేటు దగ్గర ఏ బస్సుంటే దాని నంబరు రాసేవాణ్ణి, ఆలస్యం అని. దాని ముందు ఏ బస్సు అడ్డం నిలబడిందో ఎప్పుడూ అడగలేదు. డ్రైవర్లు తిట్టుకునేవాళ్ళు. రాసినవాడికేం తెలుస్తుంది, సీటులో ఉన్నవాడికి తెలుస్తుంది అనేవాళ్ళు."

టైలరమ్మ గుండె తేలికపడింది. కుర్చీలో కూర్చుంది. ఆయన కాగితం వంక చూస్తూనే ఉన్నాడు. ఆయన పెదాలు కదులుతున్నాయి. కూడుతున్నాడు.

"మొత్తం ఎనిమిదే వస్తోంది," అన్నాడు.

"అవునండీ."

"ఆట పద్నాలుగు నిమిషాలూ పూర్తిగా పట్టింది. చివర్లో మూడు సెకన్లే మిగిలాయి, నేనే చూశాను. గబగబా పడిన ముక్కలకి ఒక నిమిషం తీసేద్దాం. అయినా ఇంకా ఐదు బెత్తెలు కావాలి. మిగతా గుడ్డ ఏదమ్మా?"

"ఇంతేనండీ. ఇంకేం లేదు."

"మీ దారం ఏ రంగు?"

ఆయన మామూలుగానే అడిగాడు. మాటలో ఏ ఎత్తిపొడుపూ లేదు.

"నా వంతు వచ్చినప్పుడు నేను కుట్టను కదండీ," అంది టైలరమ్మ.

గోడ గడియారం చప్పుడు బాగా వినపడుతోంది. ఆమె పీలిక వంక చూసింది. ఎరుపూ, నీలం, పసుపూ అన్నీ అయిపోయాక ఒట్టి తెల్లగుడ్డ మిగిలి ఉంది. దాన్ని ఇప్పటిదాకా గుడ్డగా కూడా చూడలేదు ఆమె. కళ్ళతోనే బెత్తెలు వేసుకుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఊళ్ళో అందరి కొలతలూ ఉన్న పుస్తకంలో తన కొలతలు లేవు. తన బట్టలు ఎప్పుడూ కొలవకుండా అందాజుగా కత్తిరించుకుంటుంది.

టైమ్‌కీపరు గారు లేచి మంచినీళ్ళు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆమె తాగేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు.

"సోమవారం గుర్తు తీసెయ్యనా?" అన్నాడు.

"వద్దండీ. ఉండనివ్వండి." ఆమె పీలిక మడతపెట్టింది. "అది ఎవరిదో నేనే చెప్తాను."

సాయంత్రం వదిన ఒళ్ళో పీలిక పెట్టింది. కింద కూర్చుని, ఏ రంగు ఎవరిదో చెప్పింది. తెల్లగా మిగిలినది తనదని కూడా చెప్పింది. చెప్పేటప్పుడు వదిన మొహం వంక చూడలేకపోయింది. వదిన కుడిచేతి వేలు పసుపు కుట్ల మీంచి మెల్లగా జరిగి, తెల్లగుడ్డ మీదికి వచ్చి, అక్కడే ఆగింది.

"నీకు తెలుసా వదినా?"

"ఊ."

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ."

"మరి నన్ను తిట్టలేదేం? వాళ్ళంతా నిన్ను అంటుంటే ఊరుకున్నావే! ఒక్క మాట రాయొచ్చు కదా, అది నేను కాదు, ఇదీ అని!"

వదిన మాట కోసం వెతుక్కుంది. దొరికేదాకా టైలరమ్మ ఆగింది. ఇంతసేపు ఆగడం ఆమెకి ఎప్పుడూ కష్టమనిపించలేదు.

"చెప్తే... భయపడతావు. కత్తెర... పట్టుకున్నట్టు... ఆడతావు."

అన్నయ్య గుమ్మంలోంచి అన్నాడు, "అది నిజమే. చిన్నప్పుడు మామిడిపండు కొయ్యమంటే కూడా టెంక ఎటుందో చూసుకునేది."

"ఇంకోటి," అంది వదిన. చెయ్యి ఎత్తి తన చూపుడువేలు చూపించింది. "ఆటంతా... నువ్వే... లాక్కుంటావు. దీనికి... పనేది?"

టైలరమ్మ ఆ వేలిని పట్టుకుని కూర్చుంది. వెళ్ళేటప్పుడు పీలిక తీసుకోబోతే వదిన ఇవ్వలేదు. "ఉండనీ," అంది.

శుక్రవారం ఆట మొదలవకముందే అందరూ చేరారు. టైలరమ్మ మాటలపెట్టె తెరిచింది. క్లబ్బులో చేరినప్పటినుంచీ ఆమె అందులో 'నమస్కారం' తప్ప ఇంకేమీ రాయలేదు. ఒక వాక్యం టైపు చేసి, చెరిపి, మళ్ళీ చేసింది. మూడోసారి చెరపబోయి ఆగిపోయింది. పంపేసింది.

'సోమవారం ఆలస్యం మా వదినది కాదు. నాది. బుధవారం కొలిచి చూసుకున్నాను.'

తర్వాత టైమ్‌కీపరు గారు రాశాడు. 'ఇకనుంచి గంట కొట్టినప్పుడు దీపం ఎవరి దగ్గరుందని కాదు, మొత్తం చూసి గుర్తు వేస్తాను. ఇన్నాళ్ళ పొరపాటుకి క్షమించాలి.'

డాక్టరు పేరు పక్కన చుక్కలు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి. 'నావి కూడా నాలుగు నిమిషాలని విన్నాను. నా పన్ను ఎవరు పీకుతారు?' అని రాశాడు. ఈసారి బావమరిది నవ్వే బొమ్మ పెట్టలేదు.

మొదటి పంపకం టైలరమ్మదే. ఒళ్ళో గుడ్డ లేదు, సూది లేదు. వంతు వచ్చినప్పుడల్లా ఒక్కసారి లెక్కపెట్టి, వేసేసింది. ఒకచోట ఆటీను రాణి ఎవరి దగ్గరుందో తేల్చుకోవాలి. వేలు గాలిలో ఆగింది. మళ్ళీ మొదటినుంచీ లెక్క చూసుకోవాలని మనసు పీకింది. వేసేసింది. రాణి డాక్టరు చేతిలోంచి వచ్చి పడింది. ఒక్క పట్టుతో ఆట పోయింది. గడియారంలో తొమ్మిది నిమిషాలున్నాయి.

రెండో పంపకంలో తను నోరు మూసుకుంది. మంచి ముక్కలున్నా పలకలేదు. వదిన పలికింది. ఆట వదినకి వెళ్ళింది. టైలరమ్మ తన పదమూడు ముక్కలూ బల్ల మీద పరిచేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. చేతులకి ఏం చెయ్యాలో తోచలేదు.

ముక్కలు ఒక్కొక్కటే పడ్డాయి. ఒక్కో ముక్క వెనక ఆ వేలు లేవడం, గాలిలో ఆగడం, వణుకు తగ్గడం, దిగడం. ఎనిమిది నిమిషాలు. ఆరు. నాలుగు. డాక్టరు తన వంతు రాగానే వేసేస్తున్నాడు. ఒక నిమిషం. వదిన ఆఖరి ముక్క చిన్న డైమన్. అది పడేసరికి పదకొండు సెకన్లు మిగిలాయి. పట్లు లెక్కపెడితే ఒకటి ఎక్కువే వచ్చింది.

షట్టరు పూర్తిగా దించేసి టైలరమ్మ రెండు సందులూ దాదాపు పరుగెత్తినట్టే దాటింది.

"రాణి... డాక్టరు దగ్గర," అంది వదిన, ఆమె గుమ్మంలో ఉండగానే. "రెండు డైమన్లే... వేశాడు. మిగతావి... ఆటీన్లేగా. చూడలేదా?"

"చూడలేదు వదినా. తొందరపడ్డా."

వదిన తల ఊపింది, ప్రూఫులో తప్పు దిద్ది పక్కన పెట్టేసినట్టు. తర్వాత కుర్చీ పక్కనుంచి తెల్లగుడ్డ పీలిక తీసి ఇచ్చింది. దాని చివర, నిన్నటిదాకా ఖాళీగా ఉన్నచోట, లావుపాటి ఆకుపచ్చ దారంతో కుట్లున్నాయి. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి గుడ్డ అంచు దాటి బయటికి పోయింది.

"దుప్పట్ల సూది ఇచ్చాను," అన్నాడు అన్నయ్య. "దారం ఎక్కించడానికి నాకు అరగంట పట్టింది. నాకు ఎర్ర గుర్తు వేసేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది."

"కుడిచేత్తోనా?" అంది టైలరమ్మ.

"మొదటి ఆటలో... ఖాళీయేగా నేను," అంది వదిన. "నీ వంతు... వచ్చినప్పుడల్లా."

వంకర కుట్టు ఎక్కడ కనపడినా వెంటనే విప్పేసే అలవాటు టైలరమ్మది. ఆమె గోరు అలవాటుగా మొదటి కుట్టు కిందికి వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది. గోరు తీసేసి, వేలితో లెక్కపెట్టింది. ఏడు కుట్లు. బెత్తెడిలో సగం కూడా లేవు.

"ఏడే," అంది.

"ఏం చెయ్యను," అంది వదిన. మూతి ఒకవైపే నవ్వింది. రెండోవైపు కూడా కొంచెం కదిలింది. "నువ్వు... ఆలోచిస్తేగా."